ఈస్టరు దినములు: మా యూరను, మెక్సికో దేశమునను
(సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈస్టరునకు స్థిరమైన తేదీ లేదేమని మిత్రులు నన్నడుగుచుందురు. మన పండుగలవలెనే అదియు చంద్రుని ననుసరించునది. చర్చి గణనము చొప్పున మార్చి 21 నాడు గాని, అటుపిమ్మట గాని వచ్చు మొదటి పున్నమ దాటిన ఆదివారమే ఈస్టరు. కనుక మార్చి 22 మొదలు ఏప్రిలు 25 వరకు నెప్పుడైనను రావచ్చును.

దానికి ముందు నలుబది దినములు శ్రమల కాలము. 1842లో హేయరు దొర గుంటూరునకు వచ్చిన నాటనుండి పెరిగిన మా సంఘములలో ఈ దినములందు మాంసము మానువారు కలరు. బియ్యము కొలుచునప్పుడెల్ల పిడికెడు వేరుగా దాచి గుడికిచ్చు తల్లులును కలరు. మట్టల ఆదివారమునకు మాకు కొబ్బరిమట్టలో, ఈతమట్టలో కావలెను. రాయపూరున కొబ్బరి అరుదైనను, ఇచ్చటివారు ఛింద్ అనునది మన ఈతయే గనుక లోటు లేదు. మంచి శుక్రవారమున పండ్రెండు మొదలు మూడు గంటలవరకు, సిలువపై క్రీస్తు పలికిన ఏడు మాటలను ఏడుగురు వివరింతురు. వారిలో ఒకరిద్దరు గడియారమును మరచుటయు ఆచారమే!

మెక్సికోలో ఈ వారమంతయు వీధులలోనే గడచును. రాజధానియందలి ఇస్తపలాపావారు 1833 నాటి కలరా తగ్గినందుకు కృతజ్ఞతగా 1843 మొదలు క్రీస్తు శ్రమలను తామే వేషములు కట్టి ప్రదర్శించుచున్నారు. క్రీస్తు వేషధారి నిజముగనే బరువైన సిలువను కొండవరకు మోయవలెను. శనివారమున కాగితపు గుజ్జుతో చేసిన యూదా బొమ్మలకు టపాకాయలు కట్టి పేల్చుదురు. మన కామదహనము జ్ఞప్తికి రాక మానదు. వారి ఉపవాసదినముల తీపివంట కాపిరోతాదా. ఎండిన రొట్టెముక్కలను దాల్చినచెక్క వేసిన బెల్లపుపాకమున నానవేసి, చీజు చేర్చి కాల్చుదురు.

ఒక్క విషయమున మాత్రము పెద్ద భేదము. సమాధులకు సున్నము వేసి, బంతిపూలు పరచి, ఈస్టరు వేకువన క్రొవ్వొత్తులు వెలిగించి పాడుట మా ఆచారము. మెక్సికోవారు తమ సమాధులను నవంబరు 1, 2 తేదీలలో, మృతుల దినములందు అలంకరింతురు. వారిదియు బంతిపూవే, ఆ పూవు పుట్టిల్లే మెక్సికో.

మా తల్లి సమాధి తెనాలి చేరువ పల్లెలో నున్నది. బదిలీల యుద్యోగమున పదునెనిమిది ఈస్టరులు దూరముననే గడపితిని. ఏటేట మేనమామ కుమారునికి సున్నమునకు, పూలకు పైకము పంపుదును. ఆతడు దీపము వెలిగించి ఫోనున చూపును. అది చాలుననుకొంటిని. నిరుడు ఇచ్చటనే పుట్టి పెరిగిన మా అమ్మాయి ఆ బొమ్మను చూచి, "నాన్నా, నానమ్మ సమాధి మీద ఏమి వ్రాసినారు?" అని యడిగినది. దానికి తెలుగు అక్షరములు రావు. నానమ్మ పేరును సైతము గుర్తింపలేకపోయినది.

ఈ యేడు సెలవు దొరకినది. విజయనగరము మీదుగా పోవు రైలున టిక్కెట్లు తీసికొంటిమి. అమ్మాయి రాత్రులందు పలకపై దిద్దుచున్నది. గుణింతములు సగమైనవి, ఒత్తులు మిగిలినవి. పండుగకు ఇంక పందొమ్మిది దినములున్నవి.