మిగిలిన నీళ్లు

(బిలాస్‌పూర్‌లోని మన తెలుగు సిబ్బంది దసరా కలయికలో చేసిన ప్రసంగ పాఠం)

మైకు నా చేతికిస్తే రికవరీ గురించి మాట్లాడతానని భయపడకండి. ఈరోజు ఒక మనీప్లాంటు గురించి చెబుతాను.

సిర్గిట్టికి బదిలీపై వచ్చినప్పుడు నన్ను తెలుగులో పలకరించిన మొదటి మనిషి మా బ్రాంచి అటెండరు. వాళ్ల తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికని శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. ఆయన్ని మేమంతా బాబాయ్ అనేవాళ్లం. ఏప్రిల్ నెలాఖరున రిటైరైన రోజు మెడలో దండ తీసి పక్కనపెట్టి, "బాబూ, కౌంటరు దగ్గర మొక్కని కాస్త చూసుకోండి" అన్నారు. అడిగింది అదొక్కటే.

రెండు నెలల్లో ఆకులు పసుపుపచ్చబడ్డాయి, తీగ మొదలు మెత్తబడింది. ఎండలకు వాడిందనుకుని పొద్దున్నే నేనొక చెంబు పోసేవాణ్ణి. మధ్యాహ్నం కేషియర్ గారు సీసాలో మిగిలినవి పోసేవారు. సాయంత్రం ఇంకొకరు. అందరిదీ ప్రేమే, ఎవరి లెక్క ఎవరికీ తెలియదు.

జూలై మొదట్లో పింఛనుకు వచ్చిన బాబాయ్ మొక్కను చూసి మాట్లాడలేదు. పాత పేపరు పరిచి కుండీ బోర్లించారు. వేళ్లు నల్లగా కుళ్లి వాసనేస్తున్నాయి. "వేళ్లక్కూడా గాలి కావాలి బాబూ" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేళ్లకు గాలి అందక కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు. పైకి దాహంతో వాడినట్టే కనిపిస్తుంది. మనం ఇంకా పోస్తాం!

కుళ్లినదంతా తీసేసి, కణుపులున్న మూడు ముక్కలు కోసి గాజుగ్లాసులో పెట్టాం. నేరుగా ఎండ తగలని కిటికీ దగ్గర ఉంచి, మూడు నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చాం. ఒకటి పోయింది. రెండింటికి వేళ్లొచ్చాయి. అడుగున చిల్లులున్న కుండీలో మట్టి, ఇసుక, వర్మీకంపోస్టు కలిపి నాటాం. కొత్త ఆకు వచ్చేదాకా ఎరువు వేయలేదు. ఇప్పుడు వేలు రెండు కణుపుల లోతు దించి, పొడిగా తగిలితేనే నీళ్లు పోస్తాం. చలికాలంలో ఇంకా తగ్గించాలి. ఏసీ గాలి సూటిగా తగలనివ్వం. పారిశ్రామిక వాడ దుమ్ము కదా, వారానికోసారి తడిగుడ్డతో ఆకులు తుడుస్తాం. నీళ్లు పోసే బాధ్యత ఒక్కరిదే.

ఖాతా మొండిబకాయి కావడానికి 90 రోజులు ఆగుతాం. మొక్క అంత గడువివ్వదు. ఇబ్బందిలో ఉన్న ఖాతాదారుకు లిమిట్ పెంచేముందు పుస్తకాలు తిరగేస్తాం కదా, వాడిన మొక్కకు నీళ్లు పోసేముందు వేళ్లు చూడండి.

నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బాబాయ్ వస్తారు. ఆయనకు చూపించడానికి ఏడు కొత్త ఆకులున్నాయి. ఈలోగా మీరెవరైనా మా బ్రాంచికి వస్తే, సీసాలో మిగిలిన నీళ్లు దయచేసి మీరే తాగేయండి. సెలవు.