నేల మీద నిలబడి నడిపే విమానం



ఆదిలాబాద్ పట్నం పక్కన నిజాం కాలం నాటి విమానాల మైదానం ఉంది. ఆ రోజుల్లో అక్కడ దిగిన విమానాలను పైలట్లు లోపల కూర్చొని నడిపారు. మరి లోపల మనిషే లేకుండా విమానం ఎగురుతదా? ఎగురుతది. దాన్ని నడిపే మనిషి నేల మీద నిలబడి ఉంటాడు.

పతంగి మనందరికీ ఎరుకే. దారం లాగితే పతంగి తిరుగుతుంది. ఈ చిన్న విమానానికీ దారం ఉంది. కాని అది కంటికి కనపడదు. అది రేడియో తరంగం. నడిపేవారి చేతిలో చిన్న పెట్టె ఉంటుంది. దాని మీద రెండు పుల్లలుంటాయి. పుల్ల కదిపితే పెట్టె సంకేతం పంపుతుంది. విమానంలోని యంత్రం దాన్ని అందుకుంటుంది. చిన్న మోటార్లు రెక్కల అంచులను, తోకను కదుపుతాయి.

ఇందులో ఒక చిక్కుంది. విమానం మన నుంచి దూరం పోతుంటే దాని కుడి, మన కుడి ఒక్కటే. అది మన దిక్కు తిరిగి వస్తుంటే దాని కుడి మనకు ఎడమ అవుతుంది. అక్కడ చేయి తడబడితే విమానం కూలుతుంది. అందుకే ఆటే అయినా దీనికి సాధన కావాలె.

1937లో అమెరికాలో గుడ్ అనే ఇంటిపేరు గల కవల అన్నదమ్ములు ఇలాంటి విమానం తయారు చేసి ఎగరేశారు. 1960లో స్విట్జర్లాండ్‌లో ప్రపంచ పోటీ జరిగింది. విమానం గిరికీలు ఎంత చక్కగా కొట్టిందో చూసి మార్కులు వేస్తారు. మన దేశంలో ఎన్‌సీసీ వాయు విభాగం పిల్లలు ఈ విద్య నేర్చుకుంటారు. వాయు సైనిక్ శిబిరంలో వారికి పోటీలు పెడతారు.

ఈ ఆట ఆడేవారు క్లబ్బులు పెట్టుకుంటారు. మంచి క్లబ్బు విద్యను దాచుకోదు. బడి పిల్లలను పిలిచి చూపిస్తుంది. కొత్తవారి పక్కన నిలబడి నేర్పుతుంది. మొదట నేర్పేవి నియమాలే. మనుషుల మీదుగా ఎగరేయొద్దు. కరెంటు తీగల దగ్గర ఎగరేయొద్దు. కంటికి కనపడనంత దూరం పంపొద్దు.

ఈ విద్య ఇప్పుడు పొలానికి వచ్చింది. మందు కొట్టే డ్రోన్ కూడా ఈ జాతిదే. పొడుగు రెక్కలకు బదులు దానికి నాలుగో ఆరో ఫ్యాన్లుంటాయి. చాలావాటికి 10 లీటర్ల ట్యాంకు ఉంటుంది. ఎకరం చేనుకు దాదాపు 10 నిమిషాలు చాలు.

కరీంనగర్ దిక్కు వరి, ఆదిలాబాద్ దిక్కు పత్తి. రెండింటికీ మందు కొట్టక తప్పడం లేదు. పెన్‌గంగ అవతలి యవత్మాల్ జిల్లాలో ఏం జరిగింది? 2017లో పత్తికి మందు కొట్టినవారిలో 20 మందికి పైగా చనిపోయారు. వందల మంది దవాఖాన పాలయ్యారు. డ్రోన్ అయితే మనిషి పంపు మోస్తూ చేనులో నడవనక్కర లేదు. కాని విషం విషమే. దాన్ని కలిపేది మనిషే. గాలి వీస్తే అది పక్క చేనుకు, చెరువుకు, పశువుల మేతకు పోతుంది. అందుకే డబ్బా మీది రాత చదవాలె. తొడుగులు, మాస్కు వేసుకోవాలె. గాలి ఎక్కువైతే డ్రోన్‌ను దించాలె.

"మాలాంటోళ్లం దీన్ని నడపగలమా?" అని కొందరు అడుగుతారు. నడపగలరు. కాని చదువు కావాలె. 2021 నియమాల ప్రకారం ఇలాంటి డ్రోన్ నడపడానికి 18 ఏళ్లు నిండాలి. పదో తరగతి పాసై, శిక్షణ పొంది, సర్టిఫికెట్ తీసుకోవాలి. 2023లో కేంద్ర ప్రభుత్వం నమో డ్రోన్ దీదీ పథకం తెచ్చింది. ఎంపికైన మహిళా సంఘానికి ఖర్చులో 80 శాతం వరకు సాయం ప్రకటించింది. అది 8 లక్షల రూపాయలకు మించదని చెప్పింది. సంఘంలో ఒకరికి 15 రోజుల శిక్షణ కూడా అందులో పెట్టింది.

పది చదవలేదని దిగులు వద్దు. చదవడం, రాయడం వచ్చిన పెద్దలు ఓపెన్ స్కూల్ ద్వారా పది పరీక్ష రాయవచ్చు. రోజూ బడికి పోనక్కర లేదు.

డబ్బా మీది రాత చదవడం మొదటి మెట్టు. పది పాసవడం రెండో మెట్టు. రిమోట్ పెట్టె ఆ తర్వాతే చేతికి వస్తుంది. ఈసారి సంఘం కూర్చున్నప్పుడు ఒక్క మాట మాట్లాడుకోండి. మన ఊర్లో పది చదవడానికి ముందుకు వచ్చేదెవరు?