ఆ మూడు వరుసలు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అబ్బాయి దగ్గరికి ఫ్రాన్సు వెళ్ళివచ్చిన విశేషాలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. అన్నీ చెబితే భోజనాల వేళ దాటిపోతుంది గనుక ఒక్కటే చెబుతాను.

దక్షిణ ఫ్రాన్సులో ఒరాంజ్ అనే చిన్న ఊరుంది. అక్కడ రోమన్లు క్రీ.శ. మొదటి శతాబ్దంలో కట్టిన నాటకశాల ఈనాటికీ నిలిచి ఉంది. రంగస్థలం వెనుక గోడ పొడవు 103 మీటర్లు, ఎత్తు 37 మీటర్లు. గోడ మధ్య గూటిలో చక్రవర్తి విగ్రహం. ఎదురుగా కొండవాలును ఆసరా చేసుకుని అర్ధచంద్రాకారంలో రాతిమెట్లు. నాటకాలు ఆగిపోయాక ఊరివాళ్ళు లోపలే ఇళ్ళు కట్టుకుని కాపురాలు చేశారు. 19వ శతాబ్దంలో ఆ ఇళ్ళు తొలగించి బాగుచేశారు. 1869లో మళ్ళీ ఉత్సవాలు మొదలయ్యాయి. 1981లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

కింది మెట్ల దగ్గర రాతిమీద కొన్ని అక్షరాలు చెక్కి ఉన్నాయి. "ఈ మూడు వరుసలు అశ్విక హోదా గలవారికి" అని వాటి అర్థమట. ఆ రోజుల్లో హోదాను బట్టే కూర్చోవాలి. పేదలు, బానిసలు అందరికన్నా పైన.

అబ్బాయి చెయ్యి పట్టుకుని, మోకాళ్ళు మొరాయిస్తున్నా పై వరుసదాకా ఎక్కాను. మనవడు కింద వేదికమీద నిలబడి "తాతయ్యా, వినిపిస్తోందా?" అన్నాడు. మైకు లేదు. అయినా పక్కనుంచి పిలిచినంత స్పష్టంగా వినిపించింది.

అప్పుడు నా పదవీ విరమణ సభ గుర్తుకొచ్చింది. ఏళ్ళ తరబడి నా ఫైళ్ళు మోసిన అటెండరు ఆ రోజు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నేను చూశాను. రమ్మని పిలవలేదు. అతనిప్పుడు లేడు. ఆ పై మెట్టుమీద కూర్చుని ఆ సంగతే తలచుకున్నాను.

ఈ హాల్లోనూ ముందు సోఫాలు అధికారులుగా రిటైరైనవారికని వేశారు. నేనూ వారిలో ఒకణ్ణే. ఇక్కడ మనందరం పెన్షనర్లమే కదా! వచ్చే ఏడాది నుంచి ఆ సోఫాలు నడవలేనివారికి, వినికిడి తగ్గినవారికి కేటాయించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఇవాళ్టికి నేను చివరి వరుసలో కూర్చుంటాను.

సెలవు.