పది పిన్నులు, ఒక అనుమానం

1984 పదో తరగతి బ్యాచ్ వాళ్లతో భోజనాల దగ్గర మాట్లాడుకుంటాను.

దేని గురించి మాట్లాడతావని సంఘం కార్యదర్శి గారు అడిగితే “బౌలర్ల గురించి” అన్నాను. క్రికెట్ అనుకుని ఆయన సంతోషించారు. అది కాదండీ. నేనుండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో. అక్కడ చలికాలం వారానికొక రాత్రి మేం ఆడేది వేరే బౌలింగు. నున్నటి బాట మీద బరువైన బంతిని దొర్లించి, 60 అడుగుల అవతల నిలబెట్టిన పది పిన్నుల్ని పడగొట్టాలి. ఆటకి పది ఫ్రేములు. మొదటి బంతికే పదీ పడేలా వరసగా 12 సార్లు వేస్తే 300. నా సగటు 128. అంతకన్నా చెప్పుకోవడానికేం లేదు.

మా లీగులో 205 సగటు ఉన్నవాడూ, నాలాంటివాడూ కలిసే ఆడతాం. అందుకే హ్యాండిక్యాప్ అని పెడతారు. మా దగ్గర 220 లోంచి మన సగటు తీసేసి, మిగిలినదాంట్లో నూటికి 90 వంతులు మన స్కోరుకి కలుపుతారు. నాకు 82 పిన్నులు, అతనికి 13. ఇద్దరం మా సగటే ఆడితే నాది 210, అతనిది 218. అంటే గట్టివాడికి ఇంకా 8 పిన్నుల మొగ్గు ఉంటుంది. కానీ నేను ఒక రాత్రి 140 వేశానంటే అతను చెమటోడ్చాల్సిందే.

జట్ల మధ్య ఇది బాగానే నడుస్తుంది. చిక్కంతా మనిషికీ మనిషికీ పోలిక పెట్టినప్పుడే. ఉత్త సగటు చూస్తే ఏటా బహుమతి అదే నలుగురికి. హ్యాండిక్యాప్ కలిపి చూస్తే, సీజను మొదట్లో తక్కువ ఆడినవాడికి లాభం. కావాలని తక్కువ ఆడి హ్యాండిక్యాప్ పెంచుకునే ఘనులూ ఉంటారు. లీగు లెక్కలు రాసేది నేనే కాబట్టి ఒక ఏడు ఇంకో పద్ధతి పెట్టాను: మొదటి రాత్రి సగటు మీద, చివరికి ఎవరు ఎన్ని పిన్నులు పెరిగారు?

మొదటి స్థానంలో ఓ రిటైరైన బస్సు డ్రైవరు తేలాడు. మా లీగుకి కొత్త. 121తో మొదలై 149కి వచ్చాడు. 28 పిన్నులు! అవతలి జట్లవాళ్లు అప్పటికే గొణుగుతున్నారు. నాకూ అనుమానం వచ్చింది. అందరి ముందూ పెట్టకుండా, బూట్లు విప్పుకుంటుంటే పక్కన కూర్చుని అడిగాను.

కోపం తెచ్చుకోలేదు. చొక్కా కాస్త జరిపి భుజం మీది కుట్ల మచ్చ చూపించాడు. వేసవిలో ఆపరేషన్ అయిందట. మొదటి వారాలు 10 పౌన్ల బంతితో ఆడి, తర్వాత తన 14 పౌన్ల బంతికి వచ్చాడు. అంతకుముందు వేరే ఊళ్లో అతని సగటు 151.

“నేను మెరుగుపడలేదు, కోలుకున్నానంతే. బహుమతి ఆ అమ్మాయికివ్వు” అన్నాడు. ఆ అమ్మాయి ఆ ఏడే బంతి పట్టింది, 94 నుంచి 117కి వచ్చింది. కోలుకోవడం మాత్రం తక్కువ పనా అని నేను వాదించాను. ఒప్పుకోలేదు. చివరికి అమ్మాయికే ఇచ్చాం. నా లెక్క తప్పలేదు, అయినా ఆ కాగితంలో భుజం రాసుకునే గడి లేదు.

ఆ రాత్రి కారు నడుపుతుంటే మన బడి నోటీసు బోర్డు గుర్తొచ్చింది. తొమ్మిదిలో మాకు క్వార్టర్లీలో రెండో ర్యాంకు వచ్చినవాడు హాఫియర్లీలో పద్దెనిమిదికి జారాడు. యాన్యువల్‌లో మళ్లీ రెండు. నన్ను మూడుకి నెట్టాడు. కాపీ కొట్టాడని లెక్కల మాస్టారికి చెప్పింది నేనే. వాణ్ణి నాలుగు రోజులు బయట నిలబెట్టారు. హాఫియర్లీ ముందు వాడు నెల రోజులు టైఫాయిడ్‌తో మంచంలో ఉన్నాడని నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

వాడు ఇక్కడే మూడో వరసలో కూర్చున్నాడు, నవ్వుతున్నాడు. ఒరేయ్, ఆ చాడీ చెప్పింది ఎవరో నీకు ఇన్నేళ్లూ తెలియదనుకుంటాను. నేనేరా. భోజనాల్లో నా పక్కన చోటు ఉంచుతాను. రావాలనిపిస్తే రా.