నెల జీతమా, కాంట్రాక్టు పనా?



సర్వర్లను, నెట్‌వర్కులను నడిపే పనిని సిస్టమ్స్ అడ్మినిస్ట్రేషన్ అంటారు. ఈ విద్య నేర్చినవారి ముందు రెండు దారులుంటాయి. ఒకటి, ఒక సంస్థలో నెల జీతానికి చేరడం. రెండవది, స్వతంత్ర కాంట్రాక్టరుగా నాలుగైదు సంస్థల పని చూసుకోవడం. ఏజెన్సీ ద్వారా దొరికే కాంట్రాక్టు ఉద్యోగం ఈ రెండవ దారి కాదు. అక్కడ కూడా జీతం ఇచ్చే యజమాని ఒకరుంటారు. స్వతంత్ర కాంట్రాక్టరుకు అటువంటివారు ఉండరు. మరి ఏ దారి ఎంచుకోవాలి? సూరత్ నగరాన్ని ఉదాహరణగా తీసుకొని ఆలోచిద్దాం.

సూరత్ మరమగ్గాలకు, వజ్రాల సానపనికి పేరుపొందిన నగరం. తెలంగాణ నుండి వలస వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలెన్నో అక్కడి లింబాయత్ ప్రాంతంలో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతూ వచ్చింది. ఆ ఇళ్ళలో పెరిగిన పిల్లలకు కాంట్రాక్టు పని కొత్త కాదు. జాబ్ వర్క్‌లో దారం వ్యాపారిది, మగ్గం నడిపేవారిది. కూలి మీటరు లెక్కన. సిరిసిల్లలో ఇలా మగ్గాలు నడిపేవారిని ఆసాములంటారు. మగ్గం ఆగితే ఆదాయం కూడా ఆగుతుంది.

సర్వరు పనికి, మగ్గం పనికి ఒక ముఖ్యమైన తేడా ఉంది. నేసిన బట్టను మీటర్లలో కొలవవచ్చు. సర్వరు చక్కగా నడిచిన నెలలో చూపించడానికి ఏమీ ఉండదు. "ఈ నెల ఏ ఇబ్బందీ రాలేదు కదా, డబ్బు దేనికి?" అని దుకాణదారు అడగవచ్చు. అందువల్ల కాంట్రాక్టరు అమ్మేది గంటలను కాదు, బాధ్యతను. ఆ బాధ్యత ఎంతవరకో ముందే కాగితం మీద ఉండాలి.

ఒక చిన్న లెక్క చూడండి. సంవత్సరానికి 8,760 గంటలు. సర్వరు 99.9 శాతం కాలం నడవాలని ఒప్పుకుంటే, సంవత్సరం మొత్తం మీద సుమారు 8 గంటల 46 నిమిషాలు మాత్రమే ఆగవచ్చు. 99.99 శాతం అంటే 53 నిమిషాల కంటే తక్కువ. సంస్థలోనైతే ఒకరు నిద్రపోతే మరొకరు చూస్తారు. మీరు ఒక్కరే అయితే జ్వరం వచ్చిన రోజున ఎవరు చూస్తారు?

ఇక ఆదాయం సంగతి. నెలకు 30,000 రూపాయల జీతం వదులుకునే వ్యక్తి రోజుకు 1,000 రూపాయలు అడిగితే సరిపోతుందా? సరిపోదు. 365 రోజుల్లో ఆదివారాలు 52, పండుగలు 20, అనారోగ్యానికి 13 తీసివేస్తే 280 మిగులుతాయి. పని వెతకడానికి, బిల్లులు వసూలు చేయడానికి, కొత్త విషయాలు నేర్చుకోవడానికి 100 రోజులు పోయాయనుకుందాం. కూలి వచ్చేవి 180 రోజులే. ఏడాది జీతం 3,60,000కు ఆరోగ్య బీమా, పరికరాలు, భవిష్య నిధిలో యజమాని వేసే వాటా వంటి వాటికి 90,000 కలపండి. మొత్తం 4,50,000. దీనిని 180తో భాగిస్తే రోజుకు 2,500 రూపాయలు. అంకెలు ఊరిని బట్టి మారతాయి; లెక్క వేసే పద్ధతి మారదు.

ఆపద కూడా లెక్కలోకి రావాలి. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుండి వదిలిన నీటితో తాపీ నది పొంగి సూరత్‌లో అధిక భాగం మునిగింది. సర్వరు, దాని బ్యాకప్పు ఒకే భవనం కింది అంతస్తులో ఉంటే అటువంటి రోజున రెండూ పోతాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయాయి. వాటిలో చాలా యంత్రాలను ఒక్కొక్కటిగా, దగ్గర కూర్చొని సరిచేయవలసి వచ్చింది. మీ ఐదుగురు ఖాతాదారులకూ ఒకే రోజున ఇలా జరిగితే ముందు ఎవరి దగ్గరకు వెళతారు?

చట్టాన్ని మరువరాదు. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటరులో ప్రవేశిస్తే నష్టపరిహారం చెల్లించవలసి వస్తుందని 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం చెబుతుంది. కాబట్టి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఒప్పందం ముగిసిన రోజునే పాస్‌వర్డులు అప్పగించి రసీదు పొందండి. సైబర్ దాడి వంటి ఘటనలను 6 గంటల్లోగా తెలియజేయాలని, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఖాతాదారు తరఫున ఆ పని ఎవరిదో కూడా ఒప్పందంలో రాసుకోవాలి.

మరి నిర్ణయం ఎలా? నాలుగు ప్రశ్నలు వేసుకోండి. పోయిన డేటాను బ్యాకప్పు నుండి నా చేతులతో తిరిగి తెచ్చానా? ఆరు నెలల ఇంటిఖర్చు చేతిలో ఉందా? నేను రాలేని రోజున పని చూసే నమ్మకమైన తోటివారున్నారా? ఒక ఖాతాదారు మానేసినా మరొకరు మిగులుతారా? నాలుగింటికీ అవునంటే స్వతంత్రంగా పని మొదలుపెట్టవచ్చు. లేకపోతే రెండు మూడేళ్ళు అనుభవజ్ఞుల కింద ఉద్యోగం చేయండి. అక్కడ తప్పు జరిగితే సరిదిద్దే పెద్దలుంటారు. ఇంట్లో అమ్మానాన్నలు మగ్గం మీద సంపాదించినదే మీకున్న పెట్టుబడి అయితే, ఈ జాగ్రత్త మరింత అవసరం. దీన్ని పిరికితనం అనుకోకండి.

ఈ వారం ఒక అభ్యాసం చేయండి. మీ ఫైళ్ళను వేరే డిస్కులోకి నకలు తీసి, మరో కంప్యూటరులో తిరిగి తెరవండి. ఎంత సమయం పట్టింది, ఏవి తెరుచుకోలేదు అన్నది పుస్తకంలో రాసుకోండి. మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే మొదలవుతుంది.