చూడి గేదె మేత, పుట్టబోయే దూడ భవిష్యత్తు
(సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



మన సమాఖ్యలో రుణం తీసుకుని గేదెలు కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు. పాలిచ్చినన్నాళ్లు గేదెకు దాణా, తవుడు, చెక్క అన్నీ పెడతారు. వట్టిపోగానే దాణా ఆపేసి ఎండుగడ్డి మీద వదిలేయడం ఊళ్లలో మామూలే. "పాలు లేవు కదా, దాణా దండగ" అంటారు. ఆ మాట వెనక కష్టం ఉంది, మేము కాదనం. పాల డబ్బులు రావు, కిస్తీ మాత్రం నెలనెలా కట్టాలి. కానీ ఆ గేదె కడుపులో దూడ ఉంది కదా. దాని సంగతే ఇప్పుడు చెప్పుకుందాం.

ముర్రా సూది వేయిస్తే చాలు, మంచి పడ్డ పుడుతుందని అనుకుంటాం. అది సగమే నిజం. సూది నుంచీ తల్లి నుంచీ దూడకు వచ్చేవి జన్యువులు. వాటిని మన సంఘం తీర్మానాల పుస్తకం అనుకోండి. కండ ఎలా పెరగాలి, పొదుగు ఎలా తయారవ్వాలి, అన్నీ అందులో రాసి ఉంటాయి. మేతతో ఆ రాత మారదు. అయితే ఒంట్లో కొన్ని పేజీలకు పిన్ను కొట్టి మూసి ఉంచుతుంది, కొన్నింటిని తెరిచి ఉంచుతుంది. మూసిన పేజీలో ఎంత మంచి తీర్మానం ఉన్నా అమలు కాదు.

ఆ పిన్నుల్లో ఒక రకాన్ని మిథైల్ అంటారు. అవి తయారు కావడానికి కావలసిన సరుకు తల్లి తినే మేత నుంచే రావాలి. చెక్కలోని మాంసకృత్తుల నుంచి మిథియోనిన్, పచ్చిగడ్డి నుంచి ఫోలిక్ ఆమ్లం వస్తాయి. బి12 విటమిన్‌ను గేదె పొట్టలోని సూక్ష్మజీవులే చేస్తాయి, వాటికి కోబాల్టు కావాలి. అది ఖనిజ లవణ మిశ్రమంలో ఉంటుంది. ఇవి తక్కువైతే ఏ పేజీ మూయాలి, ఏది తెరవాలి అన్నది తారుమారు కావచ్చు.

మనుషుల్లో కూడా ఇది కనిపించింది. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో యుద్ధం వల్ల కరువు వచ్చింది. ఆ కరువులో కడుపున పడినవాళ్లకు అరవై ఏళ్ల వయసులో రక్తం పరీక్షిస్తే ఆ పిన్నుల్లో తేడా ఉందని 2008లో తేల్చారు.

ఐర్లండ్‌లో ఆవుల మీద చేసిన పరిశోధన 2013లో వచ్చింది. సూది వేయడానికి కొద్దిరోజుల ముందు నుంచి 110వ రోజు దాకా కొన్ని ఆవులకు ఒంటికి కావలసిన దానిలో 60 శాతమే మేత పెట్టారు. పుట్టిన పెయ్యలు తూకంలో మామూలుగానే ఉన్నాయి. కానీ వాటి అండాశయాల్లో గుడ్ల నిల్వ తగ్గిపోయింది. చూడండి, పైకి ఏ లోపమూ కనపడదు. రేపు అది ఎదకు వచ్చి, చూడి కట్టే రోజున మనకు తెలుస్తుంది.

గేదె సుమారు 310 రోజులు మోస్తుంది. దూడ కండలోని పోగులెన్నో దాదాపు కడుపులోనే ఖాయమవుతుంది. పుట్టాక అవి లావెక్కుతాయే తప్ప కొత్తవి పెద్దగా రావు. దూడ బరువులో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లో పెరుగుతుంది. అంటే మనం దాణా ఆపే రోజులే దానికి ఎక్కువ తిండి కావలసిన రోజులు.

అందుకని మా సంఘం చెప్పేది ఇది. సూది వేయించిన మూడో నెలలో చూడి పరీక్ష చేయించాలి. పాలు పిండే గేదె చూడిదైతే పాలకూ కడుపుకూ కలిపి మేత లెక్క వేయాలి. ఈనడానికి రెండు నెలల ముందు పాలు తీయడం ఆపాలి, మేత ఆపకూడదు. ఆ రెండు నెలలు రోజుకు రెండు కిలోల దాకా దాణా, 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, పచ్చిగడ్డి పెట్టాలి. మరీ కొవ్వు పట్టేలా మేపినా ఈనేటప్పుడు ఇబ్బందే. దూడ పుట్టిన గంటలోపు జున్నుపాలు తాగించాలి.

రెండు కిలోల లెక్కన రెండు నెలలకు 120 కిలోల దాణా. ఆ ఖర్చు పాల డబ్బు లేని రోజుల్లో వస్తుంది. కాబట్టి గేదెల రుణ ప్రణాళిక రాసేటప్పుడే వట్టి రోజుల దాణా ఖర్చును అందులో చేర్చాలని, ఆ రెండు నెలలకు కిస్తీ తగ్గించి తర్వాత పాల నెలల్లో సర్దాలని సమాఖ్యను కోరుతున్నాం. గేదె కొనడానికి అప్పు ఇచ్చినట్టే, దూడ కడుపులో పెరగడానికీ ఇవ్వాలి కదా. ప్రతి గ్రామ సంఘం వచ్చే నెల సమావేశంలో దీన్ని చర్చించి తీర్మానం రాయాలని మా మనవి.