గుండె - నెత్తురు నడిచే దారి

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము బడిలో రోజూ ఉర్దూలో పాఠం చెప్పుకునేవాళ్లం. ఇంట్లో ఆడవాళ్లకు, కాలేజీ పిల్లలకు అందరికీ అర్థం కావాలి, తెలుగులోనే మాట్లాడండి అని కార్యదర్శి గారు అన్నారు. కనుక మధ్యమధ్య మా బడి మాటలు దొర్లితే మన్నించగలరు.

దిల్ అనే మాట మన ఘజళ్లలో ఎన్ని వేలసార్లు వచ్చిందో లెక్కలేదు. ప్రేమ అక్కడే, దుఃఖం అక్కడే, ధైర్యం కూడా అక్కడే అంటాం. ఈరోజు మేము చెప్పదలచింది ఆ దిల్ గురించి కాదు. రొమ్ముటెముక వెనుక కొంచెం ఎడమకు ఒరిగి, ఎవరి పిడికిలంత వారికి వుండే కండరపు సంచి గురించి. పెద్దవాళ్లలో దాని బరువు సుమారు 300 గ్రాములు. మాంసం దుకాణంలో మేక గుండెను చూసినవారికి దాని రూపు కొత్త కాదు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు మేము అలాంటిదే ఒకటి తెప్పించి, నిలువునా కోసి చూపిస్తాం. ఎడమవైపు గోడ కుడివైపు కంటే ఎంత మందమో చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు.

గుండె అంటే ఒకే కప్పు కింద వున్న రెండిళ్లు అనుకోండి. మధ్యలో గోడ. ప్రతి ఇంట్లో పైన ఒక గది, కింద ఒక గది. పై గదులు కర్ణికలు, కింది గదులు జఠరికలు. ఒళ్లంతా తిరిగి వచ్చిన నెత్తురు కుడి ఇంట్లోకి చేరుతుంది. అక్కడి నుండి ఊపిరితిత్తులకు పోయి, ప్రాణవాయువు తీసుకుని, ఎడమ ఇంట్లోకి వస్తుంది. ఎడమ జఠరిక దాన్ని బృహద్ధమనిలోకి నెట్టి, తల నుండి కాలివేలి దాకా పంపుతుంది. కుడి ఇంటివారి ప్రయాణం పక్క వీధికే, ఎడమవారిది ఊరంతా. అందుకే ఆ గోడ మందం.

మరి కుడి ఇంటి నుండి ఎడమ ఇంటికి నడిగోడలోనే ఒక తలుపు పెడితే పోయేది గదా? గ్రీకు వైద్యుడు జాలీనూస్, అంటే గేలెన్, రెండవ శతాబ్దంలో ఇంచుమించు అలాగే అన్నాడు. ఆ గోడకు కంటికి కనపడని సన్నని రంధ్రాలున్నాయి, వాటి గుండా నెత్తురు ఊరుతుందని ఆయన మాట. వెయ్యేళ్లకు పైగా లోకం దాన్ని నమ్మింది. మన ఇబ్నె సీనా కూడా చాలా వరకు ఆ దారినే పోయాడు.

కాదు అన్న మనిషి డమాస్కస్‌లో చదువుకుని కైరోలో వైద్యం చేసిన ఇబ్నున్నఫీస్. 1242లో, ఇబ్నె సీనా గ్రంథం ఖానూన్‌లోని శరీర నిర్మాణ భాగానికి వ్యాఖ్యానం రాస్తూ, ఆ గోడ గట్టిది, దానికి కనిపించే రంధ్రమూ లేదు, కనిపించని రంధ్రమూ లేదు, నెత్తురు ఊపిరితిత్తుల గుండా పోయి గాలితో కలిసి ఎడమవైపుకు రావలసిందే అని స్పష్టం చేశాడు. గుండె తనకు కావలసిన ఆహారాన్ని తన గోడలోని నాళాల నుండే పొందుతుందని కూడా చెప్పాడు. ఈయన 1288లో పోయాడు. పోతూ తన ఇల్లు, పుస్తకాలు కైరోలోని మన్సూరీ ఆసుపత్రికి ఇచ్చేశాడు. ఆ వ్యాఖ్యానం చేతిరాత ప్రతి బెర్లిన్ గ్రంథాలయంలో పడివుండగా, 1924లో తతావీ అనే ఈజిప్టు వైద్యుడు దాన్ని పట్టుకున్నాడు. దాదాపు ఏడువందల ఏళ్ల తర్వాత!

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన సభల్లో ఇబ్నున్నఫీస్ పేరు వచ్చినప్పుడల్లా, నెత్తురు ప్రసరణ మొత్తం ఆయనే కనిపెట్టాడనీ, ఆంగ్లేయులు దొంగిలించారనీ అనేస్తారు. మాకది న్యాయంగా తోచదు. ఆయన చెప్పింది ఊపిరితిత్తుల గుండా పోయే చిన్న చుట్టు. ఒళ్లంతా తిరిగే పెద్ద చుట్టును నిరూపించింది విలియం హార్వే, 1628లో. ఎవరి ఇటుక వారిది.

హార్వే పని మాబోటి బడిపంతుళ్లకు ఎంతో ఇష్టం. ఎందుకంటే అందులో వున్నది లెక్క. తిన్న తిండి నుండి కాలేయం ఎప్పటికప్పుడు కొత్త నెత్తురు తయారు చేస్తుందని అప్పటి నమ్మకం. ఆయన అడిగిన ప్రశ్న, దెబ్బకు ఎంత నెత్తురు బయటికి పోతుందని. నేటి అంకెలు వేసి చూద్దాం. దెబ్బకు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 దెబ్బలు, అంటే నిమిషానికి 5 లీటర్లు. గంటకు 300 లీటర్లు. అది మూడు క్వింటాళ్ల బరువు! గంటకు మూడు క్వింటాళ్ల నెత్తురు తయారు కావాలంటే మనిషి ఎంత తినాలి? మన ఒంట్లో మొత్తం వుండేదే 5 లీటర్లు. కాబట్టి వున్నదే తిరిగి తిరిగి వస్తున్నదన్నమాట. దీన్నే మేము ఉర్దూలో దౌరానే ఖూన్ అంటాం.

తిరిగి వచ్చే నెత్తురు వెనక్కి జారకుండా సిరల్లో చిన్న కవాటాలున్నాయి. హార్వే చూపినది మీరూ చూడవచ్చు. మోచేతికి పైన గుడ్డతో ఓ మోస్తరుగా కట్టండి. ముంజేతి సిరలు ఉబ్బి, అక్కడక్కడ ముడుల్లా కనిపిస్తాయి. కింద ఒక వేలితో సిరను నొక్కిపెట్టి, రెండో వేలితో నెత్తురును పైముడి దాటేదాకా తోసి, ఆ వేలు తీసేయండి. సిర ఖాళీగానే వుంటుంది, పైనుండి నెత్తురు దిగిరాదు. కింది వేలు తీస్తే చటుక్కున నిండుతుంది. ధమనుల కొసలను సిరల మొదళ్లతో కలిపే కేశనాళికలను మాత్రం హార్వే చూడలేదు. ఆయన పోయిన నాలుగేళ్లకు, 1661లో, మాల్పీగీ సూక్ష్మదర్శినిలో కప్ప ఊపిరితిత్తిలో వాటిని చూశాడు.

గుండెలోనూ నాలుగు కవాటాలున్నాయి. డాక్టరు స్టెతస్కోపు పెట్టి వినే లబ్ డబ్ అవి మూసుకునే చప్పుడే. మేము ఈరోజు ఇంతదూరం వచ్చింది ఈ కవాటాల కోసమే.

మా బడిలో ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి మెట్లెక్కితే ఆయాసపడేది. అంతకు రెండేళ్ల క్రితం గొంతునొప్పి, జ్వరం వచ్చాయట. తగ్గిన రెండు మూడు వారాలకు మోకాలు వాచింది, అది తగ్గి మణికట్టు వాచింది. ఎదిగే పిల్లల నొప్పులేలే అని నూనె రాశారు. ఇది రుమాటిక్ జ్వరం. ఒకరకం సూక్ష్మజీవి వల్ల గొంతు చెడుతుంది. దానిమీద పోరాడే మన ఒంటి బలమే పొరపాటున కీళ్లమీద, గుండెమీద పడుతుంది. ఎక్కువగా 5 నుండి 15 ఏళ్ల పిల్లలకు వస్తుంది. కీలు బాగవుతుంది. కవాటం మాత్రం బిరుసెక్కి, సరిగా తెరుచుకోక, సరిగా మూసుకోక మిగిలిపోవచ్చు.

ఆసుపత్రికి తీసుకువెళ్తే కవాటం చెడిందన్నారు. అప్పుడు ఆమె దాదీ మాతో అన్నమాట: "మాస్టర్ సాబ్, ఈ సంగతి ఎక్కడా అనకండి, రేపు పిల్లకు సంబంధం రాదు." ఆమె భయం మాకు అర్థమైంది. ఆ భయం ఒట్టిదని అనం, మన వీధుల సంగతి మనకు తెలియనిది కాదు. కానీ దాచి పెళ్లిచేస్తే ఏమవుతుందో కూడా చూడాలి. గర్భిణి ఒంట్లో నెత్తురు మామూలు కంటే ఇంచుమించు సగం పెరుగుతుంది. బిరుసెక్కిన కవాటం గుండా అంత నెత్తురు పోలేక వెనక్కి, ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతుంది. తల్లి ప్రాణం మీదికి వస్తుంది. ముందే తెలిసివుంటే డాక్టర్లు జాగ్రత్తపడతారు, ఇరుకైన కవాటాన్ని బెలూనుతో వెడల్పు చేయవచ్చో లేదో చూస్తారు. తెలియకపోతే కాన్పు గదిలో ఎవరేం చేయగలరు?

జబ్బు మళ్లీ తిరగబెట్టకుండా పెన్సిలిన్ సూది వుంది. మూడు లేక నాలుగు వారాలకొకసారి, ఏళ్ల తరబడి, డాక్టరు చాలు అనేదాకా వేయించాలి. ఖరీదైన మందు కాదు. సూది నొప్పి అని, పండుగ అని, ఊరెళ్లామని మానేస్తారు, అదే చిక్కు. ఆ అమ్మాయి తల్లి గోడ క్యాలెండరులో సూది రోజుల చుట్టూ ఎర్రసున్నాలు పెట్టుకుంది. పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతున్నది.

పెద్దవారి గుండెపోటు గురించి వచ్చే ఏడు మాట్లాడుకుందాం. ఒక్కటి మాత్రం ఇప్పుడే: రొమ్ము నడుమ బరువు పెట్టినట్లు నొప్పి, చెమటలు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి వస్తే గ్యాస్ అని సోడా తాగి పడుకోకండి. మన దగ్గర 2005 నుండి 108 బండి వుంది, వెంటనే ఫోన్ చేయండి.

సభ అయిన తర్వాత వెనుక గదిలో డాక్టరు గారు కూర్చుంటారు. బడి పిల్లలను వరుసగా తీసుకురండి, ఆడపిల్లలకు లేడీ డాక్టరు గారు వున్నారు. పేరు, వయసు, విన్న చప్పుడు రాసిన కాగితం తల్లి చేతికే ఇస్తారు. సొసైటీ రిజిస్టరులో ఏ పేరూ ఎక్కదు.